రెండోసారి అడగడం

లక్ష్మీకాంతం మంచివాడు కావాలని నిర్ణయించుకున్నది లాక్‌డౌన్‌లో. లోకమే డౌన్ అయిపోతున్నప్పుడు తానొక్కడైనా పైకి రావాలనిపించింది. అంతకు ముందు చెడ్డవాడని కాదు. ఐర్లండులో, డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టరు. ఒకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి పొట్ట పోసుకునే మనిషి. ఆఫీసుకి మూత పడి, మూతికి మాస్కు పడి, బ్లాంచర్డ్స్‌టౌన్ ఇంట్లో భోజనాల బల్ల ముందు కూలబడేసరికి, పక్క సీట్లో తప్పులు చేసేవాళ్ళెవరూ కనబడలేదు. చేతులూరుకోక తన తప్పులు తానే పట్టుకోవడం మొదలుపెట్టాడు.

దానికో దారి కూడా దొరికింది. సాయంకాలం పూట ఆన్‌లైన్లో చెప్పే ఒక కోర్సు. కన్ఫ్యూషియస్ సంప్రదాయంలో మనిషి తనను తాను దిద్దుకోవడం ఎలా అన్నది పాఠం.

"మీకున్న కన్ఫ్యూజన్ చాలదా అండీ, ఇంకా ఈ కన్ఫ్యూషియస్ ఎందుకు?" అంది అపర్ణ.

అపర్ణ అంటే ఆకు కూడా ముట్టని తపస్విని అని పురాణం. కాంతం పెళ్ళాడిన అపర్ణ మాత్రం గుమ్మం తొక్కిన ప్రతివాడికీ ఆకు వేసే రకం. ఉబ్బసం మనిషి. చలికాలం వస్తే ఇన్‌హేలరు కొంగున కట్టుకు తిరగాలి. అయినా పొయ్యి దగ్గర మాత్రం ఆవిడ ఊపిరి ఆడుతూనే ఉంటుంది.

కోర్సు అయ్యేసరికి కాంతం తలకి మూడు సంగతులు పట్టాయి. మంచితనం పుట్టుకతో వచ్చేది కాదు, వంట నేర్చుకున్నట్టు చెయ్యి కాలుతూ నేర్చుకోవాల్సింది, అందుకని రోజూ పొద్దు గుంకే వేళ తనను తాను పరీక్షించుకోవాలి. ఎవరూ చూడనప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇక మూడోది, కాంతానికి మహా నచ్చినది, మర్యాద. నమస్కారం పెట్టడం, కుర్చీ చూపించడం, కుశలం అడగడం, కంచంలో వడ్డించడం. ఇవి చిన్న పనులు కావట. వీటిని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తూ పోతే, చేతి అలవాటే మెల్లగా మనసు గుణం అవుతుందట.

తెలుసుకున్నది కడుపులో దాచుకునే మనిషి కాడు కాంతం. సజ్జన సమితి అని ఒకటి పెట్టాడు. కార్లో ఊరి నుంచి డబ్లిన్ దాకా తెలుగువాళ్ళందరికీ ఆదివారం మధ్యాహ్నం జూమ్. జూమ్‌లో సగం మంది జోగేవారు. మిగతా సగం, కెమెరా ఆపేసి అంట్లు తోముకుంటూ, "బాగా చెప్పారండీ" అనేవారు. నిజంగా వినేది ఒక్క శేషయ్య గారు. కూతుర్ని చూడ్డానికొచ్చి విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకుపోయిన రిటైర్డు లెక్చరరు.

కాంతం ఇచ్చిన ఉపన్యాసాల్లోకెల్లా పేరొచ్చింది పక్కింటి బ్రీడా మీద చెప్పినది.

"మేమీ ఇంట్లో దిగిన కొత్తలో బ్రీడా టీకి పిలిచింది. అక్కర్లేదండీ, ఇప్పుడే తాగాను అన్నాను. 'తాగుతావులే' అని కప్పు చేతిలో పెట్టేసింది. తర్వాత ఆవిడ మా ఇంటికొచ్చింది. మా ఆవిడ కాఫీ ఇస్తానంటే, 'నో నో, అయామ్ గ్రాండ్' అంది. ఇక్కడ గ్రాండ్ అంటే బానే ఉన్నాననే కదా. మా ఆవిడకి ఇంగ్లీషు వినబడితే కదండీ, గ్లాసు పెట్టేసింది. గ్రాండుగా తాగి, ఇంకో గ్లాసు అడిగి మరీ తాగింది. ఏతావాతా చెప్పేదేమంటే, ఐర్లండుకీ ఆంధ్రాకీ మధ్య ఎన్ని సముద్రాలున్నా మొదటి 'వద్దు'కి అర్థం రెండు చోట్లా ఒకటే. మొదటిసారి వద్దనడం వాళ్ళ మర్యాద. రెండోసారి అడగడం మన మర్యాద. ఒక్కసారి అడిగి ఊరుకున్నవాడు అసలు అడగనట్టే!"

చప్పట్ల బొమ్మలు తెరనిండా ఎగిరాయి. శేషయ్య గారు మాత్రం గొంతు సవరించుకున్నారు.

"బాగుంది కాంతం గారూ. నాదొక చిన్న అనుమానం. రోజూ మనల్ని మనమే పరీక్షించుకుంటున్నాం, మార్కులూ మనమే వేసుకుంటున్నాం. అద్దం తుడుచుకుంటున్నాం సరే, కిటికీ ఎవరు తుడుస్తారండీ?"

"కిటికీ తుడవడానికి మా ఇంట్లో విండోస్ ఉందండీ!" అన్నాడు కాంతం. అందరూ నవ్వారు. ప్రశ్న ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

ఆ మర్యాదకి బతికున్న ఉదాహరణ కాంతం ఇంట్లోనే ఉండేవాడు. స్తెఫను. ఇంటి కప్పు కింద అటకని గదిగా మార్పించి అతనికి అద్దెకిచ్చారు. గుడివాడ మనిషి. నర్సింగ్ హోంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, అన్నం తినిపించే ఉద్యోగం. భార్య మేరీ, కూతురు అబిగేయిల్ వీసా కోసం ఊళ్ళో ఎదురు చూస్తున్నారు. స్తెఫనుది చెప్పలేనంత మొహమాటం. డ్యూటీ నుంచి వస్తూ వంటింట్లోకి తొంగి చూసినా, "తిన్నావా స్తెఫనూ?" అంటే వెంటనే, "తిన్నానక్కా, ఇందాకే తిన్నా" అనేవాడు.

"నువ్వు తిన్నావేమో, నీ కళ్ళు తినలేదు. కూచో," అనేది అపర్ణ.

"వద్దక్కా, నిజంగా."

"కూచోమన్నానా!"

అప్పుడు కూర్చునేవాడు. కూర్చున్నాక నాలుగు సార్లు వడ్డించుకునేవాడు. గోంగూర కలుపుకుంటూ, "మా మేరీ కూడా ఇంతే అక్కా, మూడు సార్లు అడిగితే గానీ నేను కూచోనని దానికి తెలుసు" అనేవాడు. ఇది ఇంట్లో మామూలు తంతు. కాంతం చూసి మురిసిపోయేవాడు.

క్రిస్మస్‌కి ప్రభుత్వం తలుపులు కాస్త తెరిచింది. జనవరికి ఆసుపత్రుల తలుపులు చాలకుండా పోయాయి. స్తెఫను పనిచేసే చోట ముసలివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోతున్నారు. ఇంటికొచ్చి మాస్కు తీస్తే బుగ్గల మీద దాని గీతలు. ఒకరోజు గేటు దగ్గరే నిలబడి ఫోన్ చేశాడు.

"అన్నా, నాకు పాజిటివ్ వచ్చింది. లోపలికి రమ్మంటారా, ఎక్కడికైనా వెళ్ళమంటారా?"

ఎక్కడికి వెళ్తాడు? ఇంటికి అయిదు కిలోమీటర్లు దాటొద్దన్న రోజులు. కాంతం వెంటనే, "ఎంత మాట! ఇది నీ ఇల్లు" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ తర్వాత, మెట్లకి ఆ చివర్న స్తెఫను, ఈ చివర్న తాను నిలబడి ఉండగా, గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా ఇంకో మాట కలిపాడు.

"మరేం లేదు స్తెఫనూ, మీ అక్క ఉబ్బసం సంగతి నీకు తెలుసుగా. దానికిది అంటుకుంటే ఇక... నీకు చెప్పక్కర్లేదు. నువ్వు రోజూ చూస్తున్నవాడివి."

"అయ్యో అన్నా, నా వల్ల అక్కకేమన్నా అయితే నేను బతకగలనా? అసలు కిందకే దిగను. పైన బాత్రూం ఉంది, కెటిల్ ఉంది, నూడుల్స్ ఉన్నాయి. అక్కని శ్రమ పడొద్దని చెప్పండి."

"అబ్బే, భోజనం మెట్ల మీద పెడతాం."

"వద్దన్నా. ప్లేట్లు కిందకీ పైకీ తిరగడం దేనికి? కావాలంటే నేనే అడుగుతాగా."

అది మొదటి 'వద్దు'. దాని ఎత్తూ లోతూ కాంతం కంటే ఎరిగినవాడు సజ్జన సమితిలో లేడు. కానీ ఆ వద్దు చెవిన పడగానే భుజం మీంచి బస్తా దించినట్టయింది. సరే అనేశాడు. వంటింట్లోకొచ్చి అపర్ణతో, "తనే చేసుకుంటాడట. ఇంక నువ్వు మెట్లు ఎక్కనక్కర్లేదు" అన్నాడు.

"చేసుకుంటానంటే నమ్మేశారా? రెండోసారి అడిగారా?"

"మరీ బలవంతపెడితే ఇబ్బంది పడతాడే. అసలే మొహమాటస్తుడు."

"మొహమాటస్తుణ్ణి కాక ఇంకెవర్ని బలవంతపెడతారండీ?"

ఆవిడ ప్లేటు సర్దింది. కాంతం అడ్డం నిలబడ్డాడు. ఇన్‌హేలరు చూపించి, ఆసుపత్రుల్లో మంచాల్లేవని గుర్తుచేసి, నువ్వు లేకపోతే నేనేమైపోవాలని గొంతు గద్గదం చేసుకున్నాడు. ఆ గద్గదంలో అబద్ధం లేదు. అపర్ణ ప్లేటు తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది. కాంతం మెట్టు ఎక్కలేదు, ఒక మెట్టు దిగనూ లేదు.

క్వారంటైన్ అంటే ఏదో వారం టైం అనుకున్నారు జనం తొలిరోజుల్లో. వారాల్నే మింగే టైం అని తర్వాత తెలిసింది. పైన స్తెఫను, కింద కాంతం, మధ్య వాట్సాప్. రోజూ పొద్దు గుంకే వేళ, ఆత్మపరీక్షకి కూర్చునే ముందు కాంతం మెసేజ్ పెట్టేవాడు.

"స్తెఫనూ, ఎలా ఉన్నావు? తిన్నావా?"

"తిన్నానన్నా. బానే ఉంది. జీపీ డాక్టరుతో ఫోన్లో మాట్లాడాను, మాత్రలు వేసుకుంటున్నా. మీరూ అక్కా జాగ్రత్త."

కాంతం కళ్ళు మూసుకునేవాడు. ఈ రోజు నా ఇంట్లో ఉన్నవారి క్షేమం అడిగానా? అడిగాను. అడిగినదాంట్లో కపటం ఉందా? లేదు. కళ్ళు తెరిచేవాడు. పరీక్ష పాస్.

మర్నాడు, "తిన్నానన్నా. గ్రాండ్."

ఆ తర్వాత, "తిన్నా అన్నా."

ఆ తర్వాత ఉత్త "తిన్నా".

ఆ తర్వాత అక్షరాలు కూడా పోయి పైకెత్తిన బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది. కాంతం దాన్ని అపర్ణకి చూపించాడు.

"చూశావా? ఎంత హుషారుగా ఉన్నాడో. మాటకి మాట అక్కర్లేదు, వేలుంటే చాలు. వేలకి వేల కబుర్లు వేలితోనే!"

అపర్ణ నవ్వలేదు. "నిన్నటి నుంచీ పైన నడిచిన చప్పుడు లేదండీ."

"పడుకుని ఉంటాడు. రెస్టు తీసుకోవద్దూ?"

"వేడివేడిగా చారు పెట్టాను. పైమెట్టు దాకా పెట్టి వచ్చేస్తాను. మాస్కు రెండు పెట్టుకుంటాను."

"అపర్ణా, నీకేమైనా అయితే?"

"మరి మీరు వెళ్ళండి."

కాంతం మెట్ల మొదట్లోకి వెళ్ళాడు. కార్పెట్ పరిచిన ఇరుకు మెట్లు. పైన గది తలుపు వేసి ఉంది. ఎక్కాలంటే ఎక్కొచ్చు. మాస్కుంది, గ్లోవ్స్ ఉన్నాయి. అక్కడే ఉండి పైకి చూస్తూ, "స్తెఫనూ!" అని పిలిచాడు. కాస్త ఆగి లోపల్నుంచి "ఆఁ అన్నా" అని వినబడింది. మాట మధ్యలో ఊపిరి ఎక్కడో తట్టుకుని పడ్డట్టు వినబడింది.

"తిన్నావా?"

చాలాసేపు చప్పుడు లేదు. "తిన్నా."

రెండోసారి అడగడానికి నోరు తెరిచాడు కాంతం. అడిగితే, లేదన్నా అంటాడేమో. లేదంటే ఎక్కాలి. ఎక్కితే తలుపు తియ్యాలి. అతనికది అక్కడ, ఆ కార్పెట్ మీద నిలబడి ఉండగా స్పష్టంగా తెలిసింది. నోరు మూసుకుని వంటింట్లోకొచ్చాడు.

"తిన్నాడట," అన్నాడు.

మర్నాడు ఆదివారం. సజ్జన సమితిలో ఆ వారం విషయం, ఎవరూ చూడనప్పుడు మనిషి ఎలా ఉండాలన్నది. కాంతం మంచి ఊపు మీదున్నాడు.

"గదిలో ఒక్కడివే ఉన్నావు. తలుపేసి ఉంది. అప్పుడు నువ్వేం చేస్తావో అదీ నువ్వు! నలుగురిలో నీతి ఎవరైనా చెబుతారు. గోడల మధ్య ఉన్నప్పుడే..."

పైన దబ్బుమని ఏదో పడింది. కప్పు కాదు, కెటిలు కాదు. బరువైనది. కింద వేలాడే దీపం కొద్దిగా ఊగింది.

"పైన ఏదో పడ్డట్టుందండీ," అన్నారు శేషయ్య గారు తెరలోంచి.

"మా స్తెఫను లెండి. బానే ఉన్నాడు, సాయంత్రం మాట్లాడతాను. ఏం చెబుతున్నాను? ఆఁ, గోడల మధ్య..."

"ముందు వెళ్ళి చూసి రండి. మేం ఎక్కడికీ పోం."

"ఫరవాలేదండీ..."

వంటింట్లో స్టవ్ ఆపిన చప్పుడైంది. అపర్ణ ముఖానికి చున్నీ చుట్టుకుంటూ అతని వెనక నుంచి విసురుగా దాటుకుపోయింది. మెట్ల మీద ఆవిడ అడుగులు వినబడ్డాయి. తలుపు తెరుచుకున్న చప్పుడు. అంతట్లో ఆవిడ అరుపు.

"ఏవండీ! అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి! ఏవండీ!"

తెర మీద అందరూ చూస్తున్నారు. కాంతం లాప్‌టాప్ మూశాడు. ఫోన్ చేశాడు. అప్పుడు ఎక్కాడు.

గది కంపు కొడుతోంది. స్తెఫను మంచానికీ బాత్రూం గుమ్మానికీ మధ్య నేల మీద ఉన్నాడు. అపర్ణ ఒళ్ళో తల. పెదవులు నేరేడుపండు తిన్నవాడి పెదవుల్లా ఉన్నాయి. కెటిల్ పొడిగా ఉంది. దాన్ని తీసుకుని కుళాయి దాకా నడిచే ఓపిక లేకపోయిందని చూస్తేనే తెలుస్తోంది. దిండు పక్కన నూడుల్స్ ప్యాకెట్టు చింపి ఉంది. ఉడకని పచ్చి నూడుల్స్‌ని ఒక మూల కొరికి, మింగుడుపడక, మళ్ళీ కాగితంలో చుట్టి పెట్టాడు. ఫోన్ మాత్రం చేతికందేలా ఛార్జింగ్‌లో ఉంది. జవాబు ఇవ్వడానికి.

అంబులెన్స్ వాళ్ళు ఒంటినిండా ప్లాస్టిక్ కప్పుకుని వచ్చారు. కుర్చీలో కట్టి మెట్ల మీంచి దించుతుంటే కాంతం గోడకి అంటుకుని నిలబడ్డాడు. ఆక్సిజన్ మాస్కు కింద స్తెఫను పెదవులు కదిలాయి. కాంతం వంగాడు.

"మీటింగ్... పాడుచేశానన్నా."

"అదేంట్రా, అలా అనకు. తగ్గిపోతుంది."

"మీరు... భోంచెయ్యండి."

అవే అతను కాంతంతో మాట్లాడిన చివరి మాటలు.

ఆసుపత్రిలో కొన్నాళ్ళు మెషీను మీద ఉంచారు. ఒక ఉదయం పోయాడని ఫోన్ వచ్చింది. ఒంట్లో నీరు బాగా ఎండిపోయి వచ్చాడనీ, రెండు రోజులు ముందు తీసుకొచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమనీ డాక్టరు అంది. చెప్పలేమన్నది ఆవిడ మర్యాద. కాంతానికి ఆ మర్యాద బాగా అర్థమైంది.

అంత్యక్రియలకి పదిమందికే అనుమతి. కాంతం దంపతులు ఐసొలేషన్‌లో ఉన్నారు కనక ఆ పదిమందిలో లేరు. అపర్ణకి జ్వరం కూడా రాలేదు. చర్చిలో కెమెరా పెట్టి చూపించారు. తెరలో ఖాళీ బెంచీలు, ఎడమెడంగా నర్సింగ్ హోం వాళ్ళు కొందరు, పెట్టె. ఆ కెమెరా కన్నులోంచే గుడివాడలో మేరీ కూడా చూస్తోందని అందరికీ తెలుసు. పెట్టెని కారెక్కించినప్పుడు వీధి పొడుగునా తలుపులు తెరుచుకున్నాయని, ముక్కూ మొహం తెలియని జనం వాకిళ్ళలోకి వచ్చి తలవంచి నిలబడ్డారని, తర్వాత బ్రీడా కంచె అవతల నుంచి చెప్పింది. ఇక్కడి పద్ధతి అది. పిలవకపోయినా నిలబడతారు.

బ్రీడా ఇంకో మాట కూడా అడిగింది. "పాపం, పైన ఒక్కడే ఎలా గడిపాడు? ఏమీ అక్కర్లేదన్నాడా?"

"అక్కర్లేదన్నాడు," అన్నాడు కాంతం.

బ్రీడా అతని వంక కాసేపు చూసింది. లోపలికి వెళ్ళిపోయింది.

ఇంట్లో అపర్ణ అరవలేదు, ఏడవలేదు. వేళకి వండేది, వేళకి ఒక్కసారి పిలిచేది. సజ్జన సమితి వాళ్ళు రెండు వారాలు ఆగి, లింకు ఎప్పుడు పెడతారని అడిగారు. శేషయ్య గారు మాత్రం లింకు అడగలేదు. అసలేమీ అడగలేదు.

అప్పుడు మేరీ ఫోన్ చేసింది.

స్తెఫను సామాన్లు పెట్టెల్లో సర్దుతున్నాడు కాంతం. ఫోన్ మోగితే మెట్ల మీదకి వచ్చి కూర్చున్నాడు.

"అన్నయ్యగారూ, నేను మేరీనండి. స్తెఫను భార్యని."

"చెప్పమ్మా."

"మిమ్మల్ని కష్టపెట్టడానికి కాదండి. ఆయన మీ గురించి, అక్కగారి గురించి ఎప్పుడూ చెప్పేవాడు. అంత మంచివాళ్ళ ఇంట్లో ఉన్నాడు కదా అనే నా ధైర్యం." వెనకాల కుక్కరు కూత వినబడింది. "ఒక్కటే అడుగుదామని చేశానండి. నాతో మాట్లాడినప్పుడల్లా తిన్నాననే చెప్పేవాడు. జ్వరంలో నోటికి ఏమన్నా సహించిందా అండీ? తిన్నాడా?"

"తిన్నాడమ్మా," అన్నాడు కాంతం.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. మంచిమాట. ఇంత దుఃఖంలో ఉన్న ఆడమనిషికి ఇంకేం చెబుతారెవరైనా? అవతల ఆమె ఊపిరి వదలడం వినబడింది. అయిపోయిందనుకున్నాడు.

"అన్నయ్యగారూ," అంది మేరీ మెల్లగా. "నిజంగా తిన్నాడా?"

రెండోసారి.

కాంతం నోరు తెరిచాడు. ఆవేళ ఇదే మెట్ల కింద తెరిచినట్టే. పైన తలుపు ఇప్పుడు బార్లా తీసి ఉంది. ఊడ్చేసిన ఖాళీ నేల కనబడుతోంది.

"లేదమ్మా. తినలేదు." "రోజూ అడిగానమ్మా. రోజుకొక్కసారి అడిగాను. తిన్నాననేవాడు. నేను... సరే అనేవాణ్ణి. ప్లేటు పెడతానంటే మీ అక్కని కూడా నేనే ఆపాను."

కుక్కరు ఇంకో కూత వేసింది. ఎవరో దాన్ని ఆపారు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"ఆయన మొదటిసారి అలాగే అంటాడండి," అంది. తెలియనివాడికి చెప్పినట్టు చెప్పింది. "ఎప్పుడూ అంతే."

ఫోన్ పెట్టేసింది.

కాంతం మెట్ల మీదే ఉండిపోయాడు. ఫిబ్రవరి వెలుతురు కిటికీలోంచి కాస్త పడి, పోయింది. పొద్దు గుంకే వేళ. అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్నాక అడగడానికి ఏ ప్రశ్నా రాలేదు. తెరిచాడు.

కింద వంటింట్లో కంచం చప్పుడైంది.

"అన్నం పెట్టాను, వస్తారా?" అంది అపర్ణ.

పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. లేచి వెళ్ళాలి. వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చుని, మేరీ అడిగినదీ తాను చెప్పినదీ చెప్పాలి. నోరు ఇంకోటి అంది.

"తిన్నాను."

వంటింట్లో ఒక క్షణం ఏ అలికిడీ లేదు. కాంతం చెవులు రిక్కించాడు. ఆ తర్వాత గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు, ఫ్రిజ్ తలుపు తెరిచి మూసిన చప్పుడు వినబడ్డాయి. లైటు ఆరిపోయింది.